ఊరి పనికి ఊరి చేయి

మార్చి మాసము సమీపించినకొలదిని మా ఉపాధ్యాయుల గదికి వచ్చు తల్లిదండ్రుల సంఖ్య హెచ్చుచుండును. పదవ తరగతి పరీక్షలు ముగిసినపిమ్మట పిల్లవానిని ఏ కళాశాలయందు చేర్పవలెను, ఇంటర్మీడియెటులో ఏ గ్రూపు తీసికొనవలెను అని వారు మమ్ము అడుగుదురు. ఇరువదేండ్లుగా ఈ ప్రశ్నలనే వినుచున్న మాకు సమాధానములు కంఠస్థములై యున్నవి. కాని గత సంవత్సరము పెడననుండి వచ్చిన యొక తల్లి వేసిన ప్రశ్నకు మాత్రము మావద్ద సమాధానము లేకపోయెను.

ఆమె భర్త అద్దకపు అచ్చులు చెక్కువాడు. ఆమె తన కుమారుని లెక్కల నోటుపుస్తకమును మా బల్లపై నుంచి వెనుకవైపునుండి తెరచెను. పుటల నిండ లతలు, మామిడిపిందెలు, చేపలు, తెరచాప యోడలు. లెక్కలు చెప్పు వారమగుటచేత మాకు మొదట కోపమే వచ్చెను. అంతలో ఒక పుటపై మా చూపు నిలిచెను. కుడి అంచున తెగిన లత ఎడమ అంచున సరిగా నా యెత్తుననే మరల మొదలగుచుండెను. పైయంచు క్రిందియంచుతో కలియుచుండెను. అచ్చును పక్కపక్కన ఎన్ని పర్యాయములు వేసినను అతుకు కనబడకుండవలెనన్న అట్లుండవలెను గదా! ఆ కుఱ్ఱవాడు మేము బోధింపని గణితమును తనంత తాను చేసియుండెను.

“మాస్టారూ, పెద్దవాళ్లిద్దరూ హైదరాబాదు పోయారండి. వీడు ఈ బొమ్మల చదువే చదువుకుని, ఈ ఊళ్లోనే ఉండి బ్రతకగలడా?” అని ఆమె అడిగెను. “ఆలోచించి చెప్పెదమమ్మా” అని పంపివేసితిమి. ఆ యాలోచనయే ఈ వ్యాసము.

ముందుగా ఆ చదువు ఏమో తెలిసికొందము. రూపకల్పన, అనగా అందరును డిజైను అని పిలుచుచున్న విద్య, బొమ్మలు వేయుట మాత్రమే యని మనలో అనేకులు తలంచుచున్నారు. బొమ్మ చూచుటకు, రూపకల్పన వాడుకొనుటకు. 1958లో భారతప్రభుత్వము ఆహ్వానింపగా వచ్చిన చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ అను అమెరికా దంపతులు మన దేశపు వస్తువులను పరిశీలించి, తమ నివేదికయందు అన్నిటికంటె మిన్నగా మెచ్చుకొనినది ఏ కోటనో కోవెలనో కాదు, మన యింటి చెంబును. అది ఎంత నీరు పట్టును, చంకన ఎట్లొదుగును, వంచినప్పుడు ధార ఎట్లు పడును, తోముటకు లోనికి చేయి పోవునా, దాని వెల యెంత అని యిట్లు ప్రశ్నించుకొనుటయే రూపకల్పన యని వారు చూపిరి. ఆ నివేదికను అనుసరించియే 1961లో అహమ్మదాబాదునందు జాతీయ రూపకల్పన సంస్థ వెలసినది.

ఈ దృష్టితో మన బందరు వీథులలో ఒక గంట నడచిచూడుడు. బందరు లడ్డు దేశమంతట పేరుగాంచినది. భౌగోళిక గుర్తింపు కూడ పొందినది. దానిని పెట్టి యిచ్చు పెట్టె ఎట్లున్నది? మూత తీయుటకు కత్తెర వెదకవలసివచ్చును. చిలకలపూడి రోల్డుగోల్డు నగలకు క్రొత్త నమూనాలు ఎవరు గీయవలెను? ఆసుపత్రిలో వృద్ధులు చదువలేని మందుచీటీ, బస్సుస్టాండులో ఎండకు వెలసిన బోర్డు, ఒత్తు ఒకచోట అక్షర మొకచోట పడియున్న దుకాణపు ఫ్లెక్సీ, ఇవన్నియు రూపకల్పకుని చేతికొఱకు ఎదురుచూచుచున్న పనులే. ఊరిలో పని లేదనుట సత్యము కాదు. పని యున్నది, అది పని యని గుర్తించు కన్ను లేదు.

మఱియు ఈ విద్య మన తీరమునకు క్రొత్తదియుం గాదు. 1611లో ఆంగ్లేయులు బందరున వర్తకస్థానమును ఏర్పరచుకొనిరి. అంతకు ముందే ఈ ప్రాంతపు అద్దకపు బట్టలు పారశీకమునకును తూర్పు దీవులకును పోవుచుండెను. ఒక్కొక్క దేశమున కొక్కొక్క రుచి. ఏ దేశమున కే పువ్వు నచ్చునో, ఏ యంచు ఒప్పునో ఎఱిగి ఇచ్చటి పనివారు రూపములు మార్చుచుండిరి. 17వ శతాబ్దమున ఐరోపా వర్తకులు తమ దేశపు మాదిరులను తెప్పించి, వానిని అనుసరించి మన దేశమున బట్టలు వేయించిరి. భారతదేశపు అద్దకముల ధాటికి తాళలేక ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను వానిని నిషేధించుచు శాసనములు చేసినవి. సరుకు సముద్రము దాటెను. పనివాడు మాత్రము తన యింటిముంగిటనే యుండెను.

ఆ పని ఎంత బుద్ధిని కోరునో మన విద్యార్థులు పెడన వెళ్లి చూడవలెను. గుడ్డను ఉడికించి గంజి పోగొట్టి, కరక్కాయ రసమును పాలును కలిపిన నీట ముంచి ఆరబెట్టుదురు. పాలు లేనిచో రంగు గుడ్డమీద ప్రాకిపోవును. తుప్పు పట్టిన ఇనుమును బెల్లపునీట నానబెట్టి పులియనిచ్చిన ద్రవము కరక్కాయతో కలిసి నలుపగును. పటిక అద్దిన చోటనే వేరురంగు పట్టి ఎఱుపగును. టేకు చెక్కపై చెక్కిన అచ్చులు ఒక్కొక్క రంగునకు ఒక్కొక్కటి వేఱుగా నుండును. ఒకటి వెండ్రుకవాసి తొలగినను బట్టయంతయు చెడును. రసాయనశాస్త్రము, రేఖాగణితము, ఓర్పు ఈ మూడును కలిసిన విద్య యిది. దీనిని మన యింటి వెనుక నుంచుకొని, మనము పిల్లలకు అచ్చు పుస్తకములలోని రేఖాపటములను కంఠస్థము చేయించుచున్నాము.

అయితే ఆ పూర్వచరిత్రయందు గర్వముతోబాటు హెచ్చరికయు నున్నది. అంత గొప్ప బట్టలను వేసినవారి పేర్లు మనకు తెలియవు. వెల నిర్ణయించినవాడు వర్తకుడు. పేరు మోసినది రేవుపట్టణము. కావున “ఊరనే యుండుము” అని పిల్లవానికి చెప్పుట సులభమే గాని, వాని పేరును వాని వెలయు వానికి దక్కనిచో ఆ మాట హితవు కానేరదు.

నిన్నమొన్నటి కాలమున లోకము చూచి మరలివచ్చి స్వస్థలమున పని నెలకొల్పినవారు మనకు కలరు. బందరులో 1910లో కోపల్లె హనుమంతరావుగారు మొదలగు పెద్దలు ఆంధ్రజాతీయ కళాశాలను స్థాపించిరి. అచ్చట ప్రమోదకుమార చటోపాధ్యాయులు చిత్రలేఖనము నేర్పగా అడివి బాపిరాజుగారు నేర్చిరి. ఆ కళాశాలయందే బోధించిన పింగళి వెంకయ్యగారు బందరు సమీపమునందలి భట్లపెనుమర్రున జన్మించి, దక్షిణాఫ్రికా వఱకు పోయివచ్చినవారు. ఆయన 1916లో భారతదేశమునకు తగిన జెండా నమూనాలు ముప్పదింటిని ఒక చిన్న పుస్తకముగా ప్రకటించి, 1921లో బెజవాడయందు గాంధీగారికి జెండా నమూనాను సమర్పించిరి. దేశమంతటికిని కావలసిన గుర్తు ఎట్లుండవలెనని ఈ చిన్న పట్టణమున కూర్చుండి ఆలోచించిన ఆయన కృషి రూపకల్పన గాక మఱేమి?

రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారి కథయు నట్టిదే. అచ్చటి కళాశాలాధ్యక్షులైన కూల్డ్రే దొరగారు బాలుని చేతిలోని ప్రతిభను గుర్తించి ప్రోత్సహింపగా, ఆయన బొంబాయి జె. జె. కళాశాలయందు చదివి, పేరు సంపాదించి, తన యూరికి తిరిగివచ్చి చిత్రకళాశాలను నెలకొల్పిరి. 1897లో జన్మించిన ఆయన 1925లోనే మరణించిరి. ఆ కొలది కాలమునందే ఊరిలో శిష్యులను తయారుచేసి పోయిరి. ఆయన చిత్రములు నేటికిని రాజమహేంద్రవరముననే యున్నవి. ఈ కథయందు మేము ప్రత్యేకముగా గమనించున దేమనగా, మొదట ఒక ఉపాధ్యాయుని కన్ను, తరువాత దూరపు చదువు, పిమ్మట స్వస్థలము. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను ఆ పని సాగియుండదు.

కనుక పిల్లవానిని దూడవలె గుంజకు కట్టివేయవలెనని మా యభిప్రాయము కాదు. చదువు నిమిత్తము పోవలసినచోటికి పోవలెను. నేడు ఆ చోటు పూర్వమంత దూరముగా లేదు. 2015లో మన రాష్ట్రమునకే యొక జాతీయ రూపకల్పన సంస్థ వచ్చినది. అది అమరావతి ప్రాంతమున నున్నది. 2019 నాటి చట్టసవరణచేత దానికి జాతీయ ప్రాముఖ్యముగల సంస్థ యను హోదా కలిగినది. హైదరాబాదులో 1995నుండి జాతీయ ఫ్యాషను సాంకేతిక సంస్థ కలదు; అచ్చటి ఐ. ఐ. టి. యందును రూపకల్పనలో పట్టము కలదు. వీనిలో ఇంటర్మీడియెటు ఏ గ్రూపు చదివినవారైనను ప్రవేశపరీక్షకు కూర్చుండవచ్చును. ఈ సంగతి తెలియక ఎందఱో పిల్లలను మనము ఇష్టములేని గ్రూపులలోనికి నెట్టితిమి. చదువు నాలుగేండ్లు, వ్యయము లక్షలలో నుండును. విద్యార్థివేతనముల వివరములను ముందుగనే విచారించుకొనవలెను.

ప్రవేశమునకు ముందు చదువవలసిన చదువు మాత్రము ఊరిలోనే యున్నది. ఆ పరీక్షలు కంఠపాఠమును అడుగవు. చూచిన దానిని గీయగలవా, ఒక యిబ్బందిని గుర్తించి దానికి ఉపాయము చెప్పగలవా యని యడుగును. అట్టి విద్యార్థికి చేపల రేవు, కూరగాయల బజారు, అచ్చులు చెక్కువాని యరుగు, నగల పోతపనివాని కొలిమి ఇవియే పాఠశాలలు. కంప్యూటరు దొరికినవానికి ఇంక్‌స్కేప్, గింప్ వంటి సాధనములు ఉచితముగా లభించుచున్నవి. మండలి, రామభద్ర మొదలగు తెలుగు అక్షరరూపములును ఉచితములే. బెంగుళూరునందలి గొప్ప సంస్థ కంటెను మన పిల్లవానికి తెలుగు ఒత్తు ఎక్కడ కూర్చుండవలెనో బాగుగా తెలియును. అది వాని మూలధనము.

ఇక ఆక్షేపణలకు వత్తము. చిన్న యూరిలో జీతము తక్కువ, నేర్చుకొనుటకు తోడివారు లేరు, పెద్ద పనులు రావు అని కొందఱందురు. ఇవి యన్నియు నిజములే. చదువు ముగిసిన వెంటనే కొంతకాలము పెద్ద నగరమున పెద్ద పనివారి చెంత నుండుట మేలని మేమును ఒప్పుకొందుము. కాని నగరమున వచ్చు జీతములో గది యద్దెకు ఎంత, రాకపోకలకు ఎంత, ఇంటివారు జబ్బుపడినప్పుడు పరుగెత్తి వచ్చుటకు ఎంత పోవునో కూడ లెక్కించి చూడవలెను. నేటి రూపకల్పన పనులలో చాల భాగము ఇంటినుండియే ఫోనుద్వారా, కంప్యూటరుద్వారా పంపదగినవి. ఒక వంక బయటిపనిని సంపాదించుకొనుచు, మఱొక వంక ఊరి పనిని సాగించుట నేడు సాధ్యము. అసలైన ఆటంకము దూరము కాదు. ఆ యాటంకము మనమే. ఈ మాట చెప్పుటకు మాకు అర్హత యెట్లు కలిగెనో చెప్పవలసియున్నది.

సుమారు ఎనిమిదేండ్ల క్రిందట మా పాఠశాలలో చదివిన విద్యార్థి యొకడు బయట రూపకల్పన చదివి బందరునకు తిరిగివచ్చెను. ఒక చిన్న గది అద్దెకు తీసికొని బల్లయు కంప్యూటరును పెట్టుకొనెను. మేము ఎంతో సంతోషించితిమి. సంతోషించి ఏమి చేసితిమి? ఆ సంవత్సరపు వార్షిక సంచికకు ముఖపత్రమును వేసియిమ్మంటిమి. వేసెను. ఆటలపోటీలకు బోర్డులు వ్రాయుమంటిమి. వ్రాసెను. బహుమతి ప్రదానమునాడు వేదికమీదికి పిలిచి శాలువ కప్పితిమి. అందఱును చప్పట్లు కొట్టిరి. డబ్బు మాట మేము ఎత్తలేదు. అతడు సిగ్గుచే అడుగలేదు. పూర్వవిద్యార్థి గదా, గురుదక్షిణ యనుకొంటిమి.

ఊరియందలి తక్కినవారును మమ్మే అనుసరించిరి. పెండ్లిపత్రిక వేయించుకొనినవారు “మనవాడివే గదా” యనిరి. దుకాణదారు డొకడు నాలుగు నమూనాలు వేయించుకొని, వానిని ఫోనులో తీసికొనిపోయి ఫ్లెక్సీ దుకాణమున తక్కువ వెలకు అచ్చొత్తించుకొనెను. రెండేండ్లు గడచెను. ఒకనాటి సాయంకాలము అతడు వీడ్కోలు చెప్పుటకు మా యింటికి వచ్చెను. ఎవరిమీదను నింద వేయలేదు. నవ్వుచు, “మాస్టారూ, శాలువలు ఆరు అయ్యాయండి. మా గది యజమాని శాలువ తీసుకోనంటున్నాడు” అనెను. ఇప్పుడతడు బెంగుళూరున సుఖముగనే యున్నాడు. అతని తల్లిదండ్రులు మాత్రము ఇచ్చట ఇరువురే యున్నారు. ఆదివారము ఆరాధనానంతరము వారిని పలుకరించినప్పుడెల్ల మాకా శాలువ జ్ఞాపకము వచ్చును.

“పిల్లలు ఊరు విడిచిపోవుచున్నారు” అని మనము సభలలో విచారింతుము. ఊరు విడిచిపోవుటకు వారికి దారిఖర్చు ఇచ్చినది మనమే. మనవాడని ప్రేమించుచున్నామని చెప్పి మనవాని కష్టమునకు వెల లేకుండ చేయుట ప్రేమ కాదు. పై యూరివానికి అడిగినంత యిచ్చి, మన యూరివానికి దీవెన యిచ్చుట న్యాయమా?

ఇంకొక తప్పును ఒప్పుకొనవలెను. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలయందు చదువునప్పుడు మేము పాఠమునకు కావలసిన పటములను, అట్టబొమ్మలను మా చేతులతో చేసికొంటిమి. చేతితో చేసినదే బుద్ధికెక్కునని మా గురువులు చెప్పిరి. ఉద్యోగమున చేరిన కొలదికాలమునకే మేము అచ్చు పటములు కొనుటకు అలవాటుపడితిమి. అంతేగాక, పదవ తరగతివారి డ్రాయింగు పీరియడును ఏటేట డిసెంబరునుండి లెక్కల పునశ్చరణకు మేమే తీసికొనుచుంటిమి. ఆ కుఱ్ఱవాడు లెక్కల నోటుపుస్తకము వెనుక బొమ్మలు వేయుటకు కారణ మదియే. వాని గంటను మేము తీసికొంటిమి. వాడు మా పుటలను తీసికొనెను.

కావున మేము మూడు మాటలు విన్నవించుచున్నాము. మొదటిది పాఠశాలకు. డ్రాయింగు గంటను ఎవరును ముట్టకుండవలెను. సంవత్సరమున కొక మాసము అచ్చులు చెక్కువారిని, అద్దకపువారిని, నగలపనివారిని తరగతికి పిలిచి, ఉపన్యాసకులకు ఇచ్చినట్లే గౌరవవేతన మిచ్చి, వారిచేత పాఠము చెప్పింపవలెను. తన తండ్రి నల్లబల్లయొద్ద నిలిచి బోధించుటను చూచిన పిల్లవాడు ఆ పనిని చిన్నచూపు చూడడు.

రెండవది ఊరి వర్తకులకు, సంఘపెద్దలకు. మీ పెట్టెలు, బోర్డులు, పత్రికలు, నమూనాలు వేయించునప్పుడు మొదట ఊరివానిని అడుగుడు. పని, వెల, గడువు కాగితముమీద వ్రాసికొనుడు. సగము సొమ్ము ముందుగ నిండు. అతని పని బాగులేనిచో నిర్మొగమాటముగా చెప్పుడు, దయతో తీసికొనకుడు. దయ అతని చేతిని చెఱచును. ఒకని నమూనాను మఱొకనిచేత దొంగతనముగా వేయింపకుడు. డిజైనుల నమోదునకు 2000 నాటి చట్టము కలదు. క్రొత్త రూపమును నమోదు చేసికొనినవానికి మొదట పదేండ్లు, పిమ్మట మఱి యైదేండ్లు హక్కు నిలుచును. పెడన అచ్చుపని రూపములను మరలు, స్క్రీనులు అనుకరించి చౌకగా అమ్ముచున్న ఈ దినములలో ఈ సంగతి మన పనివారికి తెలియుట మిక్కిలి యవసరము.

మూడవది విద్యార్థులకు. ప్రతిదినమును ఒక వస్తువును చూచి గీయుడు, దాని లోపమును వ్రాయుడు, ఉపాయమును ఆలోచింపుడు. లెక్కలు అశ్రద్ధ చేయకుడు. అతుకు కనబడని లతకు లెక్కలే ఆధారము. వెల చెప్పుటకు సిగ్గుపడకుడు. గురువు అడిగినను వెల చెప్పుడు. మొదటి నాడు చెప్పలేనివాడు రెండేండ్లకు వీడ్కోలు చెప్పవలసివచ్చును.

ఈ సంచిక ముఖపత్రమును చూడుడు. మన పాఠశాల ప్రాంగణమందలి వేపచెట్టు, దాని కొమ్మలే అంచుగా సాగిన లత. ఆ రూపమును గీచినది నోటుపుస్తకపు కుఱ్ఱవాడే. అతడిప్పుడు ఇంటర్మీడియెటు మొదటి సంవత్సరమున నుండి ప్రవేశపరీక్షకు సిద్ధపడుచున్నాడు. టేకు చెక్కపై అచ్చు చెక్కినవాడు అతని తండ్రి. చెక్కుటకు కూలి యిత్తుము గాని గీచుటకు వేఱుగా డబ్బెందుకని మా సంచిక సంఘమున ఒకరు అడిగిరి. గీత లేనిచో ఉలి ఎక్కడ నడచునని మేము బదులు చెప్పితిమి. ఇరువురికిని వేఱువేఱుగా సొమ్ము చెల్లింపబడినది. ఆ రెండు పద్దులును కడపటి పుటయందలి జమాఖర్చులలో అచ్చుపడియున్నవి.

ఆ తల్లికి మా సమాధాన మిది. అమ్మా, నీ కుమారుడు ఈ చదువు చదువుకొని ఈ యూరిలోనే బ్రతుకగలడు. వాని చేతిలో బ్రతుకుటకు తగిన విద్య యున్నది. తక్కినది మా చేతిలో నున్నది. ఆ భాగమును మేము ఈ సంవత్సరము మొదలుపెట్టితిమి. ఇక ఎవరికిని శాలువ కప్పి ఊరకొనము.